టిక్కు పెట్టని గడి

మా రోడ్డు పని ముఠాలో గొంతు నాది, గుంత విల్ఫ్‌ది. నేను మాట్లాడుతూ ఉంటే అతను తవ్వుతూ ఉండేవాడు. పంతొమ్మిదేళ్ళపాటు బేకప్ ఊరి నుంచి టాడ్‌మోర్డెన్ ఊరి దాకా ఈ కొండ రోడ్లన్నీ ఇలాగే తెరిచాం, ఇలాగే మూశాం.

రోడ్డు తెరిచే ముందు కింద కరెంటు తీగ ఎక్కడుందో, గ్యాసు గొట్టం ఎక్కడుందో కనిపెట్టాలి. కనిపెట్టకుండా గునపం దింపినవాడు మళ్ళీ కనిపించడు. ఆ కనిపెట్టే యంత్రం నడుమెత్తున పసుప్పచ్చ బద్దలా ఉంటుంది. దాన్ని మా వాళ్ళంతా పిల్లి అంటారు. దానికి తోడు ఒక డబ్బా. డబ్బా నేల మీద కూర్చుని తీగలోకి సంకేతం పంపుతుంది, పిల్లి దాన్ని విని కూస్తుంది. విల్ఫ్ కాట్లో చేతిలో పిల్లి పాడేది, నా చేతిలో మూలిగేది. అతనికి కేబుళ్ళు దొరికేవి, నాకు కబుర్లు దొరికేవి.

కార్డు మాత్రం నాది. ట్రెవర్ హాల్‌స్టెడ్, ఫొటోతో సహా. ఈ మనిషికి ఈ పని వచ్చు అని సాక్ష్యం చెప్పే ప్లాస్టిక్ ముక్క. నైపుణ్యం కార్డు అంటారు. నా విషయంలో అది నై పుణ్యం కార్డు. క్రితంసారి దాన్ని కొత్తది చేయించుకున్న రోజు ఎంత వాన పడిందంటే, పరీక్షించడానికి వచ్చినాయన వ్యాను దిగకుండానే సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

ముఠా మొత్తానికి కార్డున్నవాడు ఒక్కడుంటే సరిపోయే రోజులవి. కార్డు నేను, కార్యం విల్ఫ్. కౌన్సిల్ ఇన్‌స్పెక్టరు తెల్లకారు, పని చుట్టూ మేం నిలబెట్టే ప్లాస్టిక్ శంకువుల దగ్గర నెమ్మదించిందంటే చాలు, విల్ఫ్ ఒక్క మాటైనా అనకుండా పిల్లిని నా చేతిలో పెట్టి చీపురు అందుకునేవాడు. నేను ఠీవిగా దాన్ని రోడ్డు మీద అటూ ఇటూ ఊపేవాణ్ణి. ఇన్‌స్పెక్టరు కార్డు చూసి, ఫొటో చూసి, నా మొహం చూసి వెళ్ళిపోయేవాడు. పిల్లి తిరిగి విల్ఫ్ చేతికి వెళ్ళిపోయేది.

"ఇస్త్రీ బాగా చేశావు, మేస్త్రీ," అనేవాడు మినీ డిగ్గర్ అనే చిన్న తవ్వే బండి నడిపే కెల్విన్.

"చొక్కాలుంటే పట్రారా, అవీ చేస్తా," అనేవాణ్ణి నేను. విల్ఫ్ కూడా నవ్వేవాడు. ఆ నవ్వును ఇప్పుడు తలచుకుంటే నాకు మెడ వెనక వేడెక్కుతుంది.

విల్ఫ్‌కి కార్డు ఎందుకు లేదంటే, కార్డు రావాలంటే ముందు కంప్యూటర్ ముందు కూర్చుని యాభై ప్రశ్నలు చదవాలి. విల్ఫ్‌కి చదవడం రాదు. ఈ సంగతి కంపెనీలో నా ఒక్కడికే తెలుసు. కాగితం ఏది చేతికిచ్చినా, "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయా, ట్రెవ్ చూస్తాడులే," అనేవాడు. పంతొమ్మిదేళ్ళూ మర్చిపోతూనే ఉన్నాడు. రోడ్డు మీద పాత అతుకు రంగు చూసి అది ఏ కాలంలో వేసిన తారో, దాని కింద నీళ్ళ గొట్టం ఉందో కరెంటు తీగ ఉందో చెప్పే కళ్ళకి జోడెందుకో ఎవరూ అడగలేదు. చదువు రాలేదు కానీ చదును వచ్చు మనిషికి. నాకు చదువొచ్చు. చదును సంగతి అడక్కండి.

పోయిన ఆగస్టులో ఆఫీసు నుంచి కబురొచ్చింది. కొత్త కాంట్రాక్టు ప్రకారం సెప్టెంబరు నెలాఖరు తర్వాత ఎవరి కార్డు వాళ్ళకి ఉండాలి. కార్డు లేనివాళ్ళని పని జరిగేచోటికి రానివ్వరు. ఆఫీసులో శిక్షణలూ పరీక్షలూ చూసే గ్లెనిస్ అందరికీ ఫారాలు పంచింది. నా కార్డు గడువు కూడా ఆ నెలలోనే తీరుతోంది, కాబట్టి నేనూ మళ్ళీ పరీక్ష రాయాలి, ఈసారి యార్డులో పిల్లి పట్టి చూపించాలి.

సెప్టెంబరు మొదట్లో ఒక గురువారం వ్యానులో వాన తగ్గేదాకా కూర్చున్నాం. కెల్విన్ పైల కోసం, అంటే లోపల మాంసం కూరి కాల్చిన రొట్టెల కోసం, దుకాణానికి వెళ్ళాడు. విల్ఫ్ జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన ఫారం తీసి నా ఒళ్ళో పెట్టాడు.

"ట్రెవ్, ఒక మాట. ఆ పోలిష్ వాళ్ళ ముఠాలో రోమెక్ చెప్పాడు. ప్రశ్నలు చెవిలో చదివి వినిపించే ఏర్పాటు ఉందంట. చెవులకి తగిలించుకునేవి ఇస్తారంట. ముందే అడగాలంట. ఈ కాగితంలోనే ఎక్కడో గడి ఉంటుందంట."

"ఉంటుంది."

"దానికి టిక్కు పెట్టు. మిగతాదంతా ఎప్పటిలాగే రాసెయ్."

"వింటే చాలా నీకు?"

"విననీ చాలు. యాభైకి యాభై చెప్తా చూడు," అన్నాడు. విల్ఫ్ తన గురించి తను అంత పెద్ద మాట అనడం నేను వినడం అదే మొదటిసారి.

ఇంటికెళ్ళి వంటింటి బల్ల మీద ఆ ఫారం నింపాను. పేరు, చిరునామా, పుట్టినరోజు. మూడో పేజీలో గడి కనిపించింది. ప్రశ్నలు వినిపించే సౌకర్యం కావాలా? పక్కన చిన్న చదరం. ఆ గడి ముందు ఒక గడియ ఆగాను. విల్ఫ్ విన్నాడంటే పాసవుతాడు. పాసైతే అతని జేబులో కార్డు ఉంటుంది. కార్డుండి పనొచ్చిన మనిషిని కంపెనీ నా వెనకాల చీపురు పట్టుకుని నిలబడనివ్వదు. ఇంకో ముఠా ఇస్తుంది. అప్పుడు తెల్లకారు వెళ్ళిపోయాక పిల్లిని నేను ఎవరికి తిరిగివ్వాలి?

టిక్కు పెట్టలేదు. ఫారం మడిచాను. అది పెడితే ఆఫీసులో అతని గుట్టు బయటపడుతుంది, పరువు కాపాడుతున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను. నా నోటికి ఎదుటివాణ్ణి నమ్మించడం అలవాటు. ఆ పూట నన్ను నేనే నమ్మించుకోవాల్సి వచ్చింది, నమ్మేశాను కూడా.

శనివారం విల్ఫ్ ఫోన్ చేశాడు.

"యార్డు పరీక్షకి సాధన చేశావా?"

"నేనా? పంతొమ్మిదేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి."

"మా ఇంటి వెనక ఖాళీ స్థలానికి రా. పిల్లిని నేను తెచ్చి ఉంచాను."

వెళ్ళాను. మూడు గంటలు నేర్పించాడు. పంతొమ్మిదేళ్ళుగా నేను చేస్తున్నట్టు నటించిన పనిని, ఒక్కసారైనా ఆ మాట ఎత్తకుండా, మొదటిరోజు పనిలోకి వచ్చినవాడికి నేర్పించినట్టు నేర్పించాడు.

"అడ్డంగా నడువు. ఊపకు, ఉయ్యాల కాదు. నిటారుగా పట్టుకో. కూత పెరిగిందా? ఇప్పుడు అక్కడే నిలబడి పావు వంతు తిప్పు. తగ్గిందా? అయితే తీగ అటు పోతోంది."

"పిల్లి నన్ను చూసి గుర్రుమంటోంది విల్ఫ్."

"మాట్లాడకుండా ఉంటే అనదు. ఇంకోటి. డబ్బాని ఇంత దగ్గర పెట్టకు. పది పెద్ద అంగలు దూరం తీసుకెళ్ళు. పక్కనే పెడితే పిల్లి డబ్బా మాటే వింటుంది. నేల మాట దానికి వినిపించదు."

వెళ్ళేటప్పుడు గేటు దగ్గర, "ఆ గడి సంగతి చూశావుగా?" అన్నాడు.

"అంతా పంపించేశా," అన్నాను. అది అబద్ధం కాదు. ఫారం నిజంగానే పంపించేశాను. సోమవారం గ్లెనిస్‌కి ఫోన్ చేసి దిద్దించే వీలు అప్పటికీ ఉంది. సోమవారమూ ఉంది, మంగళవారమూ ఉంది. గురువారం బర్న్లీలో పరీక్ష.

పొద్దున పది గంటలకి ఇద్దరం ఒకే గదిలోకి వెళ్ళాం. విల్ఫ్ తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. తన కంప్యూటర్ ముందు కూర్చుని బల్ల మీద వెతికాడు, బల్ల కింద చూశాడు. చెయ్యెత్తాడు. అక్కడి అమ్మాయి వచ్చింది.

"చెవులకి పెట్టుకునేవి?" అన్నాడు మెల్లిగా.

ఆమె తన కాగితం చూసుకుంది. "మీ పేరు మీద అడగలేదండీ. మామూలు పరీక్షే ఉంది. వాయిదా వేయమంటారా? మళ్ళీ ఎప్పుడు ఖాళీ దొరుకుతుందో చెప్పలేను. ఎందుకు కావాలో చెప్తే..."

గదిలో ఇంకా ఎనిమిదిమంది ఉన్నారు. అందరూ రోడ్డు పనివాళ్ళే, సగంమంది మాకు తెలిసినవాళ్ళు. విల్ఫ్ చొక్కా జేబు తడుముకున్నాడు.

"ఫరవాలేదమ్మా. కళ్ళజోడు మర్చిపోయా, అందుకని అడిగా. కానిచ్చేస్తా," అన్నాడు.

నేను ఇరవై నిమిషాల్లో పూర్తి చేశాను. ఆ తర్వాత తలెత్తకుండా ఉండాల్సింది, ఎత్తాను. విల్ఫ్ తెర వైపు చూస్తూ ఒక వేలితో నొక్కుతున్నాడు. ప్రతి ప్రశ్నకీ కొంచెంసేపు ఆగుతున్నాడు, చదువుతున్నవాడిలాగా. ఎంతసేపు ఆగితే చదివినట్టుంటుందో లెక్కగా ఆగుతున్నాడు. చివరి నిమిషం దాకా లేవలేదు. లేస్తే అందరూ చూస్తారు.

నాకు నలభై నాలుగు వచ్చాయి. అతనికి పదమూడు.

వరండాలో అన్నాడు, "గ్లెనిస్ మర్చిపోయినట్టుంది."

ఆ ఒక్క మాటకి నేను నోరు తెరిచి ఉండొచ్చు. ప్రతి మాటకీ ముందు తెరిచేది నా నోరే కదా.

"ఆఫీసు వాళ్ళ సంగతి తెలిసిందేగా," అన్నాను.

రాతపరీక్ష పోయినవాణ్ణి యార్డులోకి రానివ్వరు. విల్ఫ్ నా వ్యానులోనే వచ్చాడు కాబట్టి నా కోసం ఆగాల్సి వచ్చింది. మధ్యాహ్నం నేను యార్డులో పిల్లి పట్టుకుని నిలబడితే, అతను ఇనపకంచె అవతల కాలరు పైకెత్తుకుని నిలబడ్డాడు. సన్నగా వాన. చేతిలో మధ్యాహ్నం తినడానికి కొనుక్కున్న పై పొట్లం ఉంది, విప్పలేదు.

పరీక్షించేవాడు ఇంతియాజ్ అనే నిదానస్తుడు. ఈసారి ఆయనకి కూర్చోవడానికి వ్యాను లేదు, వానలోనే నిలబడ్డాడు. "ఈ చదరంలో మూడు ఉన్నాయి. మూడూ గుర్తు పెట్టండి," అన్నాడు.

రెండు దొరికాయి. అడ్డంగా నడిచాను, పావు వంతు తిప్పాను, గ్యాసుకి పసుపు గీత, నీళ్ళకి నీలం గీత. మూడోది కరెంటు. డబ్బా తెచ్చి పెట్టాను. పిల్లి కూసింది. ఎటు నడిచినా కూసింది. చదరమంతా తీగలే అన్నట్టు కూసింది. ఎర్ర రంగు డబ్బీ పట్టుకుని ఎక్కడ గీయాలో తెలియక నిలబడిపోయాను. ఇంతియాజ్ తన కాగితం మీద ఏదో రాసుకోవడానికి వంగాడు.

నేను కంచె వైపు చూశాను. అలవాటు.

విల్ఫ్ నన్నే చూస్తున్నాడు. పొట్లం చంకలో పెట్టుకుని, కుడిచేత్తో కోడిని తోలినట్టు చిన్నగా తోలాడు. పో, పో. దూరంగా. డబ్బా.

డబ్బాని పది అంగల అవతల పెట్టాను. పిల్లి వెంటనే నోరు మూసుకుంది. మళ్ళీ నడిస్తే ఒక్కచోట, ఒకే ఒక్కచోట పాడింది. ఎర్ర గీత గీశాను.

"బాగుంది," అన్నాడు ఇంతియాజ్. "చాలామంది డబ్బా దగ్గరే ఇరుక్కుంటారు. మీకెవరు నేర్పారు?"

"అనుభవమేనండీ. పంతొమ్మిదేళ్ళు," అన్నాను. కంచె మరీ దూరం కాదు. అతనికి వినిపించే ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో విల్ఫ్ విప్పని ఆ పై పొట్లాన్ని నా ముందు పెట్టాడు. "నువ్వు తిను. పాసయ్యావు," అన్నాడు. నాకు జోకు ఏదీ దొరకలేదు. దొరక్కపోయినా ఒకటి చెప్పాను, ఏం చెప్పానో గుర్తు లేదు.

సోమవారం ఇద్దరినీ గ్లెనిస్ పిలిచింది. యాభై దాటిన మనిషి, అందరినీ నాయనా అంటుంది, ఎవరి మాటా పడదు.

"నెలాఖరుకి కార్డు లేకపోతే నిన్ను పనిలోకి పంపలేను విల్ఫ్ నాయనా. డిపోలో కూర్చోబెట్టడానికి కూడా పైవాళ్ళు ఒప్పుకోవడం లేదు. పదమూడేమిటయ్యా? నీకు తెలియనిదా ఆ పని?"

"చెవులకి పెట్టుకునేది పంపలేదు నువ్వు," అన్నాడు విల్ఫ్. కోపంగా కాదు. "అడిగాను కదా ఫారంలో."

"నువ్వు అడిగితే నేను పంపకపోవడమా?" గ్లెనిస్ లేచి బీరువా తెరిచింది. ఆమె ఫారం తీసి మూడో పేజీ తిప్పి బల్ల మీద పెట్టి వేలు ఆనించింది. "చూడు. ఇదే గడి. టిక్కు ఏది?"

విల్ఫ్‌కి అక్షరాలు రావు. ఖాళీ గడి ఖాళీ గడే కదా. దానికి చదువు అక్కర్లేదు. వంగి చాలాసేపు చూశాడు. రోడ్డు మీద పాత అతుకుని చూసినట్టు చూశాడు, దాని కింద ఏముందో తెలిసేదాకా. తర్వాత నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

"నేనే చెప్పి ఉండను," అన్నాడు గ్లెనిస్‌తో. "నాదే పొరపాటు."

"మరి ఇంకోటి నింపుదాం. ప్రెస్టన్‌లో ఇరవై ఎనిమిదిన ఒక ఖాళీ ఉంది. ఇదిగో కలం. ట్రెవ్‌కి ఇవ్వు, నీ కళ్ళజోడు..."

"నాకు కళ్ళజోడు లేదు గ్లెనిస్. ఎప్పుడూ లేదు." కలం తనే తీసుకున్నాడు. "నాకు చదవడం రాదు. ఆ గడి ఎక్కడో చూపించు, టిక్కు నేను పెడతా."

గ్లెనిస్ కొత్త ఫారంలో వేలితో చూపించింది. విల్ఫ్ కలాన్ని గునపం పట్టుకున్నట్టు పట్టుకుని టిక్కు పెట్టాడు. గడి దాటి పక్క గీతలోకి పోయింది. పెద్ద టిక్కు.

మా అమ్మ మంచం పట్టినప్పుడు కూడా నేను నవ్వించే మాటలే మాట్లాడాను. ఆ గదిలో మాత్రం మామూలుగా మాట్లాడాను.

"అతను చెప్పాడు. నేనే పెట్టలేదు. మర్చిపోయి కాదు."

"తెలుసు," అన్నాడు విల్ఫ్, ఫారం వైపే చూస్తూ. "కాగితాల దగ్గర నువ్వు మర్చిపోవు."

"ఎందుకు పెట్టలేదయ్యా?" అంది గ్లెనిస్.

"వీడికి కార్డొస్తే నాకు పిల్లిని ఎవరు పట్టిపెడతారు," అన్నాను.

గ్లెనిస్ ఫక్కున నవ్వింది. అప్పటిదాకా గదిలో ఉన్న బరువంతా నేను ఎప్పటిలాగే దించానని అనుకుంది పాపం. "నీ నోరు మండ, ట్రెవ్," అంది. తర్వాత మా ఇద్దరి మొహాలూ చూసి ఆపేసింది. జన్మలో ఒక్కసారి నిజం చెబితే అది కూడా జోకయింది. ఆమెని ఏమీ అనలేను. ఆమెకి అలవాటు చేసింది నేనే.

ఇరవై ఎనిమిదిన ప్రెస్టన్‌లో విల్ఫ్‌కి నలభై తొమ్మిది వచ్చాయి. యార్డులో పదిహేను నిమిషాలు పట్టిందంట. ఈ సంగతి నాకు రోమెక్ చెప్పాడు, విల్ఫ్ కాదు. అక్టోబరు మొదటివారంలో కంపెనీ అతనికి సొంత ముఠా ఇచ్చింది. నేనొకసారి డిపోలో ఎదురుపడి, "విల్ఫ్, ఆ రోజు..." అని మొదలుపెట్టాను.

"మూడోదాని మీద గీత సరిగ్గా గీశావు," అన్నాడు. "అడ్డంగా నడవడం మర్చిపోకు." వ్యాను ఎక్కి వెళ్ళిపోయాడు. అది క్షమించడమో కాదో ఈరోజుకీ నాకు తెలియదు. అడగడానికి మొహం లేదు.

ఇప్పుడు పిల్లిని నేనే పట్టుకుంటాను. విల్ఫ్ అయిదు నిమిషాల్లో చేసేది నాకు నలభై నిమిషాలు పడుతుంది. డిగ్గర్‌లో కూర్చుని కెల్విన్ గొణుగుతాడు. "మేస్త్రీ, చలికాలం దాటేలోపు తవ్వనిస్తావా?" గొణగనిస్తాను.

పోయినవారం తెల్లకారు శంకువుల దగ్గర నెమ్మదించింది. నా చెయ్యి దానంతట అదే పక్కకి చాచుకుంది, పిల్లి కోసం. పిల్లి అప్పటికే నా రెండో చేతిలో ఉంది. పక్కన ఎవరూ లేరు.

ఇన్‌స్పెక్టరు దిగాడు. కొత్తాయన. కార్డు చూశాడు, ఫొటో చూశాడు. "ఒకసారి చేసి చూపించండి," అన్నాడు. డబ్బాని పది అంగల దూరంలో పెట్టాను. అడ్డంగా నడిచాను. నోరెత్తలేదు. తీగ దొరికింది, గీత గీశాను.

"సరిగ్గా చేశారు. ఎక్కడ నేర్చుకున్నారు?"

"విల్ఫ్ కాట్లో నేర్పాడండీ. ఇప్పుడు టాడ్‌మోర్డెన్ రోడ్డు ముఠాకి మేస్త్రి."

ఆయన అప్పటికే కారు తలుపు తీస్తున్నాడు. "ఎవరూ?" అన్నాడు.

"విల్ఫ్ కాట్లో," అన్నాను మళ్ళీ, కొంచెం గట్టిగా. ఆయన తలూపి తలుపు వేసుకున్నాడు. రాసుకోలేదు.